హాల్లోంచి మేడ మీదికి: బెంజమినా, రబ్బరు మొక్క, రెండు అడీనియాలు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేం అక్కడే ఉండేవాళ్లం. గాలి తగ్గాక మేడెక్కి చూస్తే కుండీ అన్నది ఒక్కటీ నిలబడి లేదు. అప్పట్నుంచి, శ్రీకాకుళం వచ్చేశాక కూడా, అక్టోబర్లో తుపాను కబురు వినగానే పెద్ద మొక్కల్ని కింద హాల్లోకి దించేస్తున్నాను. దించడం ఒక పూట పని. మళ్లీ ఎక్కించడానికే నెల పడుతుంది. మన చలి ఈ మొక్కల్ని చంపేంతది కాదు, చిక్కంతా ఎండతోనే.

పోయినేడాది శివరాత్రి వెళ్లగానే ఒక ఆదివారం నాలుగింటినీ ఒకేసారి ఎండలో పెట్టేశాను. మూడో రోజుకి బెంజమినా (మర్రి జాతికే చెందిన చిన్నాకుల మొక్క) ఆకుల మీద తెల్లమచ్చలు, వారానికి గోధుమరంగు, ముట్టుకుంటే గలగల. అమ్మ చూసి "ఏటిరా, ఆకుల్ని అప్పడాల్లా ఏపీసినావు" అంది. నాలుగు నెలలు కిటికీ వెలుతురులో పుట్టిన ఆకు పల్చగా ఉంటుంది, నేరుగా పడే ఎండని తట్టుకోలేదు, మాడిన చోటు మళ్లీ పచ్చబడదు కూడా. ఆ చెట్టు తేరుకునేసరికి వానలొచ్చాయి.

ఈసారి తేదీలు రాసుకుంటూ చేశాను.

ఫిబ్రవరి 8: హాల్లోనే తడిగుడ్డతో ఆకులు తుడిచాను. రబ్బరు మొక్క తొడిమల దగ్గర దూదిలాంటి పిండినల్లి కనిపించింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తీసేసి, సాయంత్రం లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొట్టాను. నూనె తడి మీద ఎండ పడితే ఆకు ఇంకా త్వరగా కాలుతుంది కాబట్టి ఈ పని ముందే అయిపోవాలి.

ఫిబ్రవరి 10: వసారాలోకి మార్చాను. ఎండ లేదు, గాలీ వెలుతురూ మాత్రమే. వారం ఉంచాను.

ఫిబ్రవరి 17: మేడ మీదికి. రెండు రోజులు నీళ్లు ఆపితే కుండీ కాస్త తేలికవుతుంది, గోనెసంచి మీద పెట్టి ఇద్దరం మెట్టుమెట్టుకీ ఆగుతూ లాగాం. మా దక్షిణం వైపు పిట్టగోడ 3 అడుగులు. మధ్యాహ్నం 12 ప్రాంతంలో దాని నీడ టేపుతో కొలిస్తే 21 అంగుళాలు, కుండీలు సరిగ్గా పట్టాయి. కుండీల కింద రెండేసి ఇటుకలు పెట్టాను, లేకపోతే శ్లాబు వేడి వేళ్లకి తగులుతుంది.

మొదటి నాలుగు రోజులు ఉదయం 7 నుంచి 8 దాకానే ఎండ. తర్వాత మూడు నాలుగు రోజులకోసారి అరగంట చొప్పున పెంచాను.

ఫిబ్రవరి 22: బెంజమినా 38 ఆకులు రాల్చింది. టెన్షన్ పడి నీళ్లు ఎక్కువ పోయబోయి ఆగాను. చోటు మారితే ఆకులు రాల్చడం దానికి అలవాటే. వేలు రెండు కణుపుల లోతు దించితే మట్టి తడిగానే ఉంది. కొమ్మ గోటితో గీకితే పచ్చగా ఉంది, పాలు కూడా వచ్చాయి. బతికే ఉంది.

అడీనియాలకి (ఎడారి గులాబీ అంటారే, అవి) ఈ జాగ్రత్తంతా అక్కర్లేదు. ఆకుల్లేని మోడులు కదా, కొత్త ఆకు ఎండలోనే పుడితే ఎండకి తగ్గట్టే వస్తుంది. లావుపాటి మొదలు మాత్రం ఇదివరకు వెలుతురున్న వైపే ఉండేలా తిప్పి పెట్టాను. కొమ్మ చివర పెసరగింజంత పచ్చదనం కనిపించాకే ఒక గ్లాసు నీళ్లు.

మార్చి 10: నీడ మళ్లీ కొలిచాను. 15 అంగుళాలే! పోయినేడాది గోడ వారన పెట్టాం కదా అనుకున్నవి కూడా ఎందుకు మాడాయో ఇప్పుడర్థమైంది. ఈ రోజుల్లోనే అరసవల్లిలో ఉదయపు కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని తెల్లారకముందే జనం బారులు తీరతారు, నేనూ వెళ్లినవాణ్నే. సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్నాడని తెలిసి కూడా మా పిట్టగోడ సంగతి తట్టలేదు. మే రెండో వారానికి మధ్యాహ్నం సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, అప్పుడు గోడకి నీడే ఉండదు. అందుకే ఆ సాయంత్రమే బట్టలారేసే స్తంభాలకి సగం ఎండని ఆపే 50 శాతం గ్రీన్ నెట్ కట్టేశాను.

మార్చి 16: మధ్యాహ్నం సముద్రపు గాలికి నెట్ ఒక మూల ఊడింది. నేను ఆఫీసులో. రబ్బరు మొక్క పెద్దాకు ఒకటి అరచేయంత మేర కాలింది. నల్ల ప్లాస్టిక్ కుండీ 2 గంటలప్పుడు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, చుట్టూ గోనె చుట్టాను. నెట్‌కి తాడు బదులు తీగ వేశాను.

మార్చి 24: రబ్బరు మొక్క ఎర్రటి తొడుగు విప్పింది. కొత్తాకు పాతవాటిలో సగమే ఉంది కానీ దళసరిగా, మెరుస్తూ ఉంది. బెంజమినా ప్రతి కొమ్మకీ చిగురే. ఎరువు ఏప్రిల్ దాకా వెయ్యను, కుండీ మార్పు వానలు పడ్డాకే. ఈలోగా అమ్మ బట్టలు ఎక్కడ ఆరెయ్యాలని రోజూ అడుగుతోంది, ఇంకో రెండు స్తంభాలు పాతించాలి.