టకోమాకి ఇంటి దగ్గరే రాక్ స్లైడర్లు బిగించుకున్నాం: నా అనుభవం

మేముండేది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ దగ్గర. నా బండి 2019 టొయోటా టకోమా పికప్, నాలుగు తలుపుల డబుల్ క్యాబ్. 2022 ఆగస్టులో యూరే ఊరి నుంచి టెల్యురైడ్ వైపు ఇమోజీన్ పాస్ అనే కొండ కనుమ ఎక్కుతున్నాం. 13 వేల అడుగులు దాటే దారి అది. ఒక మలుపులో వెనక చక్రం రాయి మీద నుంచి జారింది, డ్రైవర్ వైపు తలుపు కింద అంచు వెళ్ళి బండకి కొట్టుకుంది. రేకు లోపలికి నొక్కుకుపోయింది. ఆ రోజు నుంచి వెనక తలుపు తీసినప్పుడల్లా కిర్రుమనేది. తలుపుల కిందుండే ఆ భాగాన్ని రాకర్ ప్యానెల్ అంటారు. అది బాడీతో కలిసిపోయి ఉంటుంది కాబట్టి బాగా దెబ్బతింటే బోల్టులు విప్పి మార్చేది కాదు, కోసి వెల్డింగ్ చెయ్యాల్సిందే. నాది అంతదాకా పోలేదు గానీ ఇంకో దెబ్బ తగిలితే అదే గతి. అందుకే స్లైడర్లు కొన్నాను.

స్లైడర్ చూడటానికి ఎక్కి దిగే సైడ్ స్టెప్‌లా ఉంటుంది కానీ పని వేరు. మందపాటి ఇనప గొట్టం, నేరుగా బాడీ కిందుండే ఇనప చట్రానికి, అంటే ఛాసిస్‌కి, బిగిస్తారు. బండి బరువు దాని మీద పడినా వంగకుండా రాయి మీద జారిపోవాలి. వెల్డింగ్ చేసేవి, బోల్టులతో బిగించేవి అని రెండు రకాలు. నాకు వెల్డింగ్ రాదు, రేపు విప్పుకోవాలన్నా వీలుండాలి, కాబట్టి బోల్టులవే తీసుకున్నాను. రంగు వెయ్యనివి తక్కువకి వస్తాయి. తుప్పు పట్టకుండా పూసిన నూనె పోయేదాకా ఎసిటోన్‌తో తుడిచి, ప్రైమర్ కొట్టి, నల్ల రంగు మూడు పూతలు వేశాను. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు, ఇనుముని తినేస్తుంది, అందుకని వెల్డింగ్ అతుకుల దగ్గర ఇంకో పూత కూడా వేశాను.

2023 మే నెలలో అమ్మానాన్నలు వచ్చారు. మాది నరసరావుపేట దగ్గర పల్లె. నాన్న ట్రాక్టర్ రిపేర్లు చాలావరకు ఆయనే చేసుకుంటాడు. శనివారం పొద్దున నేను డ్రైవ్‌వేలో అట్టపెట్టెలు పరుచుకుని కిందకి దూరేసరికి టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది బోల్టుల్ని ఛాసిస్ లోపలికి పంపడం. ముందు భాగం డబ్బాలా మూసుకుని ఉంటుంది, వెనక నుంచి చెయ్యి పెట్టే దారి లేదు. కిట్‌లో చివర స్ప్రింగులా చుట్టిన ఒక తీగ ఇస్తారు. బోల్టు బయటికి రావాల్సిన రంధ్రంలోంచి ఆ తీగని తోసి, పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి బయటికి లాగి, దాని చుట్టలోకి బోల్టు మరలు ఎక్కించి, బోల్టుని ఆ పెద్ద రంధ్రంలోంచి లోపలికి వదిలి మెల్లగా తీగ లాగాలి. రెండోసారే తీగ ఊడింది. బోల్టు లోపల టంగుమని పడింది. మా గుండెల్లో రాయి పడింది. టెలిస్కోపిక్ అయస్కాంతం, అంటే పొడవు సాగే కర్రకి చివర అయస్కాంతం ఉండేది, లోపలికి పోనిచ్చి వెతుకుతుంటే అది ఛాసిస్ గోడకే అతుక్కుంటోంది. చివరికి నాన్న ఆ కర్రకి చివర తప్ప మిగతా అంతా ఎలక్ట్రికల్ టేపు చుట్టి ఇచ్చాడు. ఇరవై నిమిషాలకి బోల్టు చేతికొచ్చింది.

స్లైడర్ ఒక్కోటి ముప్ఫై కిలోల పైనే. ఫ్లోర్ జాక్ మీద చెక్క పెట్టి, దాని మీద స్లైడర్ ఆనించి కొంచెం కొంచెం పైకి లేపాం. ముందు బ్రాకెట్ రంధ్రాల్లో బోల్టులు కూర్చోగానే నేను రెంచ్ తీసుకుని బిగించడం మొదలుపెట్టాను.

"ఒరేయ్ ఆగు. అన్నీ చేత్తో నాలుగు చుట్లు ఎక్కించు, తర్వాత బిగిద్దువు గాని."

"ఇదొక్కటి గట్టిగా పట్టుకుంటే జాక్ తీసెయ్యొచ్చు నాన్నా."

"ఒకటి బిగిస్తే మిగతావి కలవవు."

అప్పటికే బిగించేశాను. వెనక బ్రాకెట్ దగ్గరికెళ్ళి చూస్తే రంధ్రం సగమే కనిపిస్తోంది. విప్పి, ఆయన చెప్పినట్టే అన్ని నట్లూ చేత్తో ఎక్కించాక స్లైడర్ కాస్త అటూ ఇటూ కదిలింది, రంధ్రాలన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. అప్పుడు మధ్య నుంచి చివరలకి, ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చి, ఎంత బిగువు పడిందో చూపించే టార్క్ రెంచ్ ఆఖర్న పెట్టాను. డ్రైవర్ వైపు ఛాసిస్ లోపలి పక్కన బ్రేకు పైపులు, వైరింగ్ ఉంటాయి. బ్రాకెట్ ప్లేటు కింద ఏదీ నలగట్లేదని టార్చ్ వేసి చూశాకే అటువైపు బిగించాను. ఇది మాత్రం ఎవరూ వదిలెయ్యొద్దు.

స్లైడర్‌కీ బాడీకీ మధ్య వేలు ఆడేంత సందు ఉంచాం. బాడీ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, గతుకుల్లో కదులుతుంది. సందు లేకపోతే కాపాడాల్సిన ఇనుమే రేకుని నొక్కేస్తుంది. చీకటి పడే వేళకి రెండు వైపులా అయిపోయింది. స్లైడర్ కింద జాక్ పెట్టి లేపితే బండి ఆ పక్క మొత్తం లేచింది, గొట్టం కొంచెం కూడా వంగలేదు. నాన్న చెయ్యి పెట్టి సందు చూసి, బానే ఉంది అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా రాదు. నాకు చాలా సంతోషమేసింది.

వంద మైళ్ళు తిరిగాక మళ్ళీ టార్క్ చూస్తే రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. జూలైలో, మిర్చి నారు పోసే వేళకి, అమ్మానాన్నలు ఊరెళ్ళిపోయారు. ఆగస్టులో మళ్ళీ ఇమోజీన్ వెళ్ళాను. దాదాపు అక్కడే, డ్రైవర్ వైపు కింద ఇనుము రాతి మీద గీసుకుంటూ పోయింది. దిగి చూస్తే స్లైడర్ మీద జానెడు మేర రంగు లేచిపోయింది, పైన రేకుకి ఏమీ కాలేదు. సిగ్నల్ అందగానే నాన్నకి ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"బోల్టులు చూశావా?"

చూడలేదు. రెంచ్ తీసి దారి పక్కనే అట్ట పరుచుకున్నాను.