1996 అంబాసిడర్ వెనుక కమానుల మరమ్మతు: కొలతల నుంచి యూ బోల్టుల వరకు

మా 1996 అంబాసిడర్ 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజన్ బండి. దాని వెనుక భాగం గత వేసవి నుంచి మూడు రకాలుగా ఇబ్బంది పెట్టింది. చదునైన నేలపై నిలిపినా ఎడమ మూల కుంగి కనిపించేది. బండి కదిలేటప్పుడు ఒకసారి, బ్రేకు తొక్కినప్పుడు ఒకసారి వెనుక సీటు కింద ఠక్కుమని ఇనుము కొట్టుకున్న చప్పుడు వచ్చేది. అన్నిటికంటే ఆందోళన కలిగించింది మూడోది. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులో కుడివైపు మలుపు తిరిగినప్పుడల్లా వెనుక భాగం ఒక క్షణం ఆలస్యంగా, కాస్త పక్కకు జరిగి వెంట వస్తున్నట్లు స్టీరింగులో తెలిసేది. 1944లో తెరిచిన ఆ మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగే వాహనాలకే ఉంచారు కనుక, మలుపు మలుపుకూ బ్రేకు వాడక తప్పదు. కుడి మలుపులో బరువు ఎడమ చక్రాలపైకి ఒరుగుతుంది. లోపం ఎడమ వెనుక చక్రం దగ్గర ఉండవచ్చనడానికి అది తొలి ఆధారం.

ఇలాంటి లక్షణాలు చెబితే తిరుపతిలో సాధారణంగా రెండు సలహాలు వినిపిస్తాయి. షాక్ అబ్జార్బర్లు మార్చమని ఒకరంటారు, కమానుకు, అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టాలను ఒకదానిపై ఒకటి పేర్చిన లీఫ్ స్ప్రింగుకు, ఇంకో పట్టా వేయమని మరొకరంటారు. మొదటి సలహాకు కుంగుబాటుతో సంబంధమే లేదు. అంబాసిడర్ వెనుక బరువును మోసేవి కమాను పట్టాలు. ఆయిల్‌తో పనిచేసే షాక్ అబ్జార్బరు ఊపును అణచుతుందే తప్ప ఎత్తును నిలబెట్టదు. డిక్కీ మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలితే బండి ఒకసారి పైకి లేచి, తిరిగి దిగి ఆగిపోవాలి. మా బండి రెండు వైపులా అలాగే ఆగింది; షాక్‌ల మీద ఆయిల్ కారిన జాడ కూడా లేదు. అందువల్ల వాటిని మార్చే ఆలోచన మానుకున్నాను. రెండో సలహా మాత్రం ఈ మరమ్మతు మొత్తానికి కేంద్రమైంది.

ఏదైనా విప్పడానికి ముందు కొలతలు తీసుకోవాలని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఒకసారి బోల్టులు వదులు చేశాక పాత స్థితి మళ్లీ దొరకదు. మా వీధి చివరి కల్యాణమండపం ముందున్న సిమెంటు నేల బాగా చదునుగా ఉంటుంది. అక్కడ టైర్లన్నిటిలో గాలి సరిచేసి, డిక్కీ ఖాళీ చేసి, చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచాను. వెనుక ఎడమవైపు కుడివైపుకంటే 28 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. అయితే ఈ తేడా చూసి వెంటనే వెనుక కమానుకు తప్పు అంటగట్టకూడదు. అంబాసిడర్ ముందు భాగం టార్షన్ బార్ల మీద, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీల మీద, నిలుస్తుంది. వాటిలో ఒకటి సడలినా బండి మొత్తం ఒక పక్కకు ఒరిగి, వెనుక మూల కూడా కిందికి దిగినట్లు కనిపిస్తుంది. ఈ రెండింటినీ విడదీసే సులువైన పరీక్ష ఒకటుంది. ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డులు పెట్టి, వెనుక డిఫరెన్షియల్ హౌసింగు (రెండు వెనుక చక్రాల మధ్య ఉండే ఇరుసు తొడుగు) కింద మధ్యలో జాకీ ఉంచి, వెనుక చక్రాలు నేలను వీడేంత మాత్రమే లేపాలి. అప్పుడు హౌసింగు జాకీ తల మీద అటూ ఇటూ ఒరగగలదు కనుక, బండిని ఒక పక్కకు వంచే శక్తి వెనుక కమానులకు ఉండదు. ఒరుగు మిగిలితే అది ముందు భాగానిదే. మా బండి ముందు భాగం రెండు వైపులా సమానమైన ఎత్తుకు వచ్చింది. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ ఎవరూ బండి కిందికి వెళ్లకూడదు.

మూడో కొలతే అసలు విషయం చెప్పింది. అంబాసిడర్ ముందు, వెనుక చక్రాల మధ్య దూరం తయారీ లెక్క ప్రకారం 2464 మిల్లీమీటర్లు. స్టీరింగును నేరుగా ఉంచి రెండు వైపులా కొలిస్తే కుడివైపు ఆ లెక్కకు దగ్గరగానే ఉంది, ఎడమవైపు 9 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది. అంటే హౌసింగు ఎడమ కొస తన స్థానం నుంచి వెనక్కి జారింది. పట్టాలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల హౌసింగు సీటులోని రంధ్రంలో కూర్చుని ఉన్నంతవరకు అలా జారడం సాధ్యం కాదు.

అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు, బాడీయే అంతటి బరువునూ మోస్తుంది. కాబట్టి స్టాండ్లను కమాను ముందు మౌంటింగుకు కాస్త ముందున్న గట్టి భాగం కిందే పెట్టాను. హౌసింగును మరో జాకీ మీద ఆనించి, బ్రేకు హోస్ పైపు సాగకుండా చూసుకుంటూ ఎడమ కమానును దించాను. కమానును హౌసింగుకు బిగించి పట్టే యూ ఆకారపు బోల్టుల (యూ బోల్టుల) నట్లు చూడగానే సగం సంగతి అర్థమైంది. నట్టు బయటి అంచుకంటే బోల్టు కొస లోపలే ఉండిపోయింది. మర పూర్తిగా పట్టలేదు. పట్టాలు లెక్కపెడితే కుడి కమానుకంటే ఎడమ కమానులో ఒకటి ఎక్కువ ఉంది. ఏనాడో ఎవరో అదనపు పట్టా వేసి, పెరిగిన మందానికి తగిన పొడవైన యూ బోల్టులు వేయకుండా పాతవాటినే బిగించారు. చాలీచాలని మర మీద నట్లు నెమ్మదిగా సడలాయి. యూ బోల్టు వదులైతే పట్టాలు మధ్యలో, సరిగ్గా రంధ్రం ఉన్న చోట వంగడం మొదలుపెడతాయి. రంధ్రం వల్ల ఉక్కు అక్కడే బలహీనంగా ఉంటుంది. మూడో పట్టా ఆ రంధ్రం మీదుగానే రెండుగా విరిగింది. విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూస్తే చాలా మేరకు గోధుమరంగు తుప్పు పట్టి ఉంది, ఒక అంచున మాత్రం సన్నని గీతలా కొత్త ఉక్కు మెరిసింది. పగులు చాలాకాలంగా నడుస్తూ వచ్చి, మిగిలిన ఆ కాస్త భాగం ఈమధ్యే తెగిందన్నమాట. సెంటర్ బోల్టు కూడా తల దగ్గర తెగిపోయింది. కుంగుబాటు, చప్పుడు, మలుపులో తోక జరగడం, మూడింటికీ మూలం అక్కడే ఉంది.

రేణిగుంట రోడ్డులో లారీలకు కమానులు కట్టే షాపుకు రెండు వైపుల కమాను కట్టలనూ తీసుకువెళ్లాను. అక్కడి పెద్ద మేస్త్రీ మొదట, "అంతా ఇప్పేది ఎందుకు సార్, ఇంగో పట్టా ఏస్తే లేస్తుంది కదా" అన్నారు. "అదే వద్దన్నా, ఎన్ని పట్టాలతో వచ్చిందో అన్నే ఉండాలి" అని విరిగిన ముక్క చూపిస్తే ఇక వాదించలేదు. అదనపు పట్టా ఎత్తును నిజంగానే పెంచుతుంది. కానీ ఒక వైపు గట్టిపడి, గుంతలో పడినప్పుడు ఆ దెబ్బను కమాను మింగకుండా షాకిల్‌కూ (కమాను వెనుక కొసను బాడీకి కలిపే ఊగే లింకు) బాడీకీ పంపిస్తుంది. లారీకి దృఢమైన ఛాసిస్ ఉంటుంది కనుక అది సరిపోవచ్చు. అంబాసిడర్ బాడీకి అది మంచిది కాదు.

విరిగిన పట్టా స్థానంలో కొత్త స్ప్రింగు ఉక్కు పట్టీని కోసి, రంధ్రం వేసి, కొలిమిలో నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, పక్క పట్టా వంపుకు సరిపోయేలా వంచి, ఆయిల్‌లో ముంచారు. ఇక్కడితో ఆపేస్తే ఉక్కు గట్టిగా ఉన్నా పెళుసుగా మిగులుతుంది. మళ్లీ తక్కువ వేడికి తెచ్చి నిదానంగా చల్లార్చాలి. ఆ రెండో కాల్పు గురించి నేను అడగకముందే మేస్త్రీ పట్టాను తిరిగి కొలిమి పక్కకు జరపడం చూసి ఆ షాపు మీద గౌరవం కలిగింది. వంపు తగ్గిన మిగతా పట్టాలను కూడా రెండు వైపులా ఇదే పద్ధతిలో సరిచేయించాను. చల్లగా ఉన్న పట్టాను సుత్తితో కొట్టి వంపు తెస్తే ఖర్చు తక్కువే, కాని ఆ వంపు ఎక్కువ కాలం నిలవదు. కట్ట బిగించే ముందు పట్టాలను వదులుగా పేర్చి చూశాను. కింది పొట్టి పట్టాకు పై పట్టాకంటే వంపు కొంచెం ఎక్కువగా ఉండి, మధ్యలో సన్నని సందు కనిపించాలి. సెంటర్ బోల్టు బిగిస్తే ఆ సందు మూసుకుని, పట్టాల కొసలు ఒకదానినొకటి గట్టిగా ఒత్తుకుంటాయి. ప్రతి పట్టాకూ తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి పేర్చాను.

షాకిల్ రబ్బరు బుష్‌లు నలిగి పిండి అయిపోయాయి. కొత్త బుష్‌లు, తగిన పొడవున్న కొత్త యూ బోల్టులు, సెంటర్ బోల్టులు చెన్నై పుదుప్పేటలో దొరికాయి. వాడిన యూ బోల్టు ఒకసారి సాగి ఉంటుంది కనుక తిరిగి వేయలేదు. రబ్బరు బుష్‌లను ఎక్కించడానికి సబ్బు నీళ్లు చాలు. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

బిగింపులో ఒక నియమం తప్పనిసరి. షాకిల్ బోల్టులనూ, కమాను ముందు కొసన చుట్టలా వంచిన చోట ఉండే బోల్టునూ చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ ఒత్తిడిలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది. అందుకే బండిని చక్రాల మీదకు దించి, వెనుక భాగాన్ని ఊపి కమానులను సర్దుకోనిచ్చి, ఆ తర్వాతే చివరి బిగింపు చేశాను. యూ బోల్టుల నాలుగు నట్లను ఐమూలగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచితో ఒకే బిగువుకు తెచ్చాను.

చంద్రగిరి మీదుగా కాణిపాకం వరకు, వెనుక సీటులో ముగ్గురు పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని వెళ్లి వచ్చాం. చప్పుడు లేదు. ఎత్తులో తేడా 3 మిల్లీమీటర్లకు తగ్గింది, చక్రాల మధ్య దూరం రెండు వైపులా సమానంగా వచ్చింది. 300 కిలోమీటర్లు నడిచాక యూ బోల్టులను మళ్లీ చూస్తే పట్టాలు సర్దుకున్నందువల్ల రెండు వైపులా నట్లు కొద్దిగా తిరిగాయి. ఈ రెండో బిగింపు చేశాకే ఘాట్ రోడ్డెక్కాను. దిగేటప్పుడు కుడి మలుపుల్లో వెనుక భాగం ముందు భాగంతో పాటే తిరిగింది.

ఇంకా మిగిలినవి రెండు పనులు. ఎడమవైపు బంప్ రబ్బరు (కమాను బాగా కుంగినప్పుడు ఇనుము ఇనుముకు తగలకుండా ఆపే రబ్బరు దిమ్మ) చీలింది, దాన్ని మార్చాలి. డిక్కీ నేల కింద షాకిల్ మౌంటింగు చుట్టూ పెయింటు పొంగి ఉంది. తుప్పు ఎంత లోతుకు వెళ్లిందో గీకి చూసి, అవసరమైతే ప్లేటు వెల్డింగు చేయించాలి. అక్టోబరు వానలు పట్టుకోకముందే ఈ రెండూ పూర్తిచేస్తాను.