పొన్నూరు బస్సులో పరిశుద్ధాత్మ

రోహిణి కార్తె ఇంకా మొదలు కాలేదు. గుంటూరు మాత్రం అప్పుడే నిప్పుల మీద కూర్చుంది. అరండల్‌పేట నుంచి బస్టాండుకు ఆటోవాడు 120 రూపాయలు అడిగాడు. ఇదేమిటంటే "ఆదివారం కదండీ" అన్నాడు. ఆదివారానికీ ఆటోకూ సంబంధమేమిటో బస్టాండులో అర్థమైంది. పొన్నూరు బస్సు నిండా తెల్లచీరలు, జిప్పు సంచుల్లో బైబిళ్లు. ఆ రోజు పెంతెకొస్తు పండుగ, యేసు శిష్యుల మీద పరిశుద్ధాత్మ దిగిందని క్రైస్తవులు చేసుకునేది.

పిన్నికి కంటి ఆపరేషన్ అయితే చూడటానికి వచ్చినవాణ్ణి, చేబ్రోలులో బ్రహ్మ గుడి, ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదుల ప్రార్థనామందిరం చూసి వద్దామని బయలుదేరాను. బ్రహ్మ గుడి గురించి రెండు ముక్కలు చాలు: వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించినది, కోనేటి మధ్యన ఉంది, చూడదగినది. చెప్పవలసింది బస్సు సంగతి.

"కొంచెం జరుగు నాయనా" అంటూ అరవై దాటిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. కండక్టరు నా దగ్గర డబ్బు తీసుకుని, ఆవిడ చేతిలో సున్నా టిక్కెట్టు పెట్టాడు. పొన్నూరు దాకా ప్రార్థనకు వెళ్తోందట.

"మీ ఊళ్లో చర్చి లేదా అమ్మా?"

"ఎందుకు లేదు, మూడున్నాయి. నాకు ఆత్మ వచ్చిందంటే అక్కడి అయ్యగారు కాదన్నారు."

నారాకోడూరు దగ్గర బస్సు ఎందుకో చాలాసేపు ఆగిపోయింది. నాకు అదే మేలైంది. ఆవిడ మిరపకాయల తొడిమెలు తీసే పనికి వెళ్లేదట. ఒక మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఒళ్లంతా వేడెక్కి, నోటి వెంట తనకే తెలియని మాటలు వచ్చాయట. పక్కవాళ్లు ముఖాన నీళ్లు చల్లారు. మేస్త్రి సగం కూలి కోశాడు. ఆదివారం కూడికలో సాక్ష్యం చెప్పబోతే అయ్యగారు "ఎండదెబ్బమ్మా, కూర్చో" అన్నారట. కొన్నాళ్లకు అదే సంఘంలో రైసుమిల్లు యజమానికి అలాంటి తెలియని మాటలే, అన్యభాషలంటారు వాటిని, వస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆయనకు ఏసీ కారుంది, ఎండ తగలదుగా" అంది, నవ్వకుండా. "టిక్కెట్టు కొనాల్సినన్నాళ్లూ అక్కడే సర్దుకున్నాను. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా నాయనా. పొన్నూరు సంఘంలో చెప్పనిస్తారు."

ఈ తగవు కొత్తది కాదు. యెరూషలేములో శిష్యుల మీద అగ్నినాలుకలు వాలి, వాళ్లు పరభాషలు మాట్లాడుతుంటే చూసినవాళ్లు తాగి ఉన్నారన్నారు. పొద్దున తొమ్మిదింటికే ఎవరు తాగుతారని వాళ్లలో ఒకడైన పేతురు సర్దిచెప్పుకోవలసి వచ్చింది. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో, బానిసత్వం నుంచి బయటపడిన దంపతుల కొడుకు విలియం సీమూర్ నడిపిన కూడికల్లో అదే జరిగితే పత్రికలు వెక్కిరించాయి. ఆత్మ ఎవరి మీద వాలినా, అది వాలిందో లేదో తేల్చే పెద్దమనిషి ఇంకొకడు ఉంటాడు.

ముస్లింలకు ఈ తంటా తక్కువ. వారి వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది పరిశుద్ధాత్మ అంటే జిబ్రీల్ దూతే అంటారు. ఆ దూత మోసుకొచ్చిన దైవవాణి ముహమ్మద్ ప్రవక్తతో ముగిసింది. ఆత్మను గురించి అడిగితే, అది నా ప్రభువు ఆజ్ఞకు చెందినది, మీకిచ్చిన జ్ఞానం కొంచెమేనని చెప్పమంటుంది ఖురాన్. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడిది మరో దారి: భూమిలో, నీటిలో, నిప్పులో ఉంటూ వాటికే తెలియకుండా వాటిని నడిపేవాడు అంతర్యామి. ఎక్కడి నుంచో రానక్కర్లేదు, ఎవరూ ధ్రువీకరించనక్కర్లేదు. ఇక పక్క జిల్లాలో స్తూపం కట్టుకున్న అమరావతి బౌద్ధులు ఆత్మ అనేదే లేదన్నారు. నాకు యాజ్ఞవల్క్యుడి మాటే నచ్చుతుంది. కానీ పక్క సీటు ఆవిడకు అది చాలదు. లోపల ఉన్నాడన్న సంగతి ఆవిడకు తెలియక కాదు; పదిమంది ముందు రావాలి, వచ్చిందని పదిమందీ ఒప్పుకోవాలి.

చేబ్రోలులో దిగాను. 1980ల ప్రాంతంలో క్రైస్తవం నుంచి యూదు ఆచారాలకు మళ్లిన కుటుంబాలు కొత్తరెడ్డిపాలెంలో ఉన్నాయి. శనివారంతో వాళ్ల విశ్రాంతిదినం అయిపోయింది, మందిరం తలుపు వేసి ఉంది. పెంతెకొస్తుకు మూలం యూదుల షావూత్ పండుగే: పస్కా అనే వాళ్ల పండుగ తర్వాత యాభయ్యో రోజు, సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం అందిన రోజు. చివరి ప్రవక్తలు పోయాక పరిశుద్ధాత్మ ఇశ్రాయేలును విడిచి వెళ్లిందని యూదుల ధర్మగ్రంథం తాల్ముదు చెబుతుంది. ఒక పొయ్యి శుద్ధమైనదా కాదా అన్న వాదంలో రబ్బీ, అంటే యూదు మతపండితుడు, ఎలియెజర్ పక్షాన ఆకాశవాణి పలికితే, ధర్మశాస్త్రం ఇప్పుడు ఆకాశంలో లేదంటూ మిగతా రబ్బీలు లెక్కచేయలేదట. తొడిమెలు తీసే మనిషి మాటనే కాదు, ఆకాశం మాటనూ కాదన్న పెద్దలున్నారన్నమాట! అక్కడ కొబ్బరిబోండాం 60 రూపాయలు; తాగి తిరుగు బస్సెక్కాను, నిలబడే వచ్చాను.

రాత్రి పిన్నితో ఇదంతా చెబితే, నల్ల కళ్లద్దాలు తీయకుండానే అడిగింది. "మన ఊరి జాతరలో చాకలి సుబ్బమ్మకు పూనకం వచ్చేది, గుర్తుందా? ఏటా కొత్త చీర అడిగేది."

"నిజంగా వచ్చేదా పిన్నీ?"

"నాకేం తెలుసు? ఆ ఒక్క పూట మాత్రం మీ తాత దాన్ని తల్లీ అని పిలిచేవాడు. ఇటు రా, చుక్కల మందు వేయి, వేళ దాటిపోయింది."