తెలుగు రానివాళ్ళని తెలుగు ఒత్తుల గురించి అడిగి గట్టెక్కిన కథ

మా అక్క టీచరు. స్కూల్లో క్విజ్ పెట్టారు, పిల్లలందరికీ తెలుగులో పేరుతో సర్టిఫికెట్ ఇవ్వాలంది. పేర్లు ఎక్సెల్‌లో రెడీగా ఉన్నాయి కదా, ఒక్కోటి టైప్ చేస్తూ కూర్చోవడం దేనికి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, బొమ్మలతో పనిచేసే పిల్లో లైబ్రరీతో సర్టిఫికెట్ బొమ్మ మీద పేర్లు వేసేద్దాం అని మొదలెట్టా. కోడ్ రన్ అయింది, ఎర్రర్ ఒక్కటి లేదు, తీరా చూస్తే ఒత్తులన్నీ విడిపోయి ఉన్నాయి. లక్ష్మి అన్న పేరులో ఏ అక్షరానికా అక్షరం పొల్లు పెట్టుకుని విడిగా నిలబడింది. అసలు చిక్కు ఏంటంటే ఎర్రర్ మెసేజ్ లేనప్పుడు గూగుల్‌లో ఏమని వెతుకుతాం?

మా ఫ్రెండ్ ఒకడు "ఒత్తుని విడిగా తీసుకుని కాస్త కిందకి జరుపు, పిక్సెల్స్ ఎలా జరపాలో ఎవర్నైనా అడుగు" అన్నాడు. అలా అడిగితే జరపడం ఎలాగో ఎవరో ఒకరు చెప్తారు కూడా, ఇక నేను గుణింతం మొత్తం జరుపుకుంటూ కూర్చోవాలి. దీన్నే ఎక్స్‌వై ప్రాబ్లమ్ అంటారు, అసలు సమస్య దాచేసి మనకి తోచిన పరిష్కారం గురించి అడగడం.

నేనున్న ఒక టెలిగ్రామ్ గ్రూప్‌లో రోజూ చూస్తుంటా, "హాయ్ ఫ్రెండ్స్, పైథాన్ తెలిసినవాళ్ళు ఉన్నారా, అర్జెంట్" అని పెడతారు, ఎవ్వరూ పలకరు. పలకరు మరి, ఉన్నాను అంటే ఏ పని నెత్తిన పడుతుందో తెలీదు కదా. అందుకే ప్రశ్న మొత్తం ఒకేసారి రాసి, ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ఇంగ్లీష్ సైట్‌లో పెడదామనుకున్నా. అక్కడ నమస్కారాలు, ముందస్తు థ్యాంక్సులు రాస్తే ఎవరో ఒకరు ఎడిట్ చేసి తీసేస్తారు, మన అలవాటుకి కాస్త కటువుగానే ఉంటుంది గానీ చదివేవాడి టైమ్ మిగల్చడమే అక్కడ మర్యాద.

ఇప్పుడు నా ముందున్న పెద్ద పని, అక్కడ జవాబిచ్చే, తెలుగు అక్షరమ్ముక్క రాని మనిషికి "ఇది తప్పుగా పడింది" అని ఎలా చూపించాలి? 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లని క్రాష్ చేసింది గుర్తుందా, జ్ఞాలో కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఇరికితే వచ్చేది. తెలుగు రానివాళ్ళు కూడా ఆ ఒక్క అక్షరం కాపీ చేసుకుని టెస్ట్ చేసేశారు, ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వదిలి సరిచేసింది. నాకూ అలాంటి ఒక్క అక్షరం చాలు అనిపించింది.

క్ష తీసుకున్నా. ప్రశ్నలో పెట్టే కోడ్‌లోంచి ఎక్సెల్ పీకేశా, సర్టిఫికెట్ బొమ్మ పీకేశా, తెల్ల కాగితం మీద క్ష వేసే నాలుగు లైన్లు మిగిల్చా. పిల్లల పేర్లు ఎలాగూ బయట పెట్టకూడదు. ఫాంట్ కూడా ఎవరైనా ఫ్రీగా దించుకునేలా నోటో సాన్స్ తెలుగుకి మార్చా, అందులోనూ అదే తంతు. యూనికోడ్ నంబర్లు 0సీ15, 0సీ4డీ, 0సీ37 అని రాసి, ఈ మూడూ కలిసి ఒకే ఆకారం అవ్వాలి అని చెప్పా. కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టకూడదు, ఎవరూ చూసి టైప్ చేసుకోరు, కానీ ఇక్కడ తేడా కంటికే కనపడాలి కాబట్టి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టా, ఒకటి పిల్లో వేసింది, ఇంకోటి అదే ఫాంట్‌తో వర్డ్‌లో సరిగ్గా వచ్చింది. దాంతో ఫాంట్ తప్పు కాదని కూడా తేలిపోయింది. విండోస్, పైథాన్, పిల్లో వెర్షన్లు చివర్లో.

ముందొచ్చిన జవాబు భలే పొడుగ్గా, భలే ధీమాగా ఉంది, కానీ అందులో చెప్పిన ఆప్షన్ పిల్లోలో లేనే లేదు. ఏఐతో రాయించినట్టే ఉంది (స్టాక్ ఓవర్‌ఫ్లో వాటిని 2022 డిసెంబర్‌లోనే నిషేధించింది లెండి). గొడవ పెట్టుకోకుండా, రన్ చేస్తే వచ్చిన ఎర్రర్‌ని ఆ జవాబు కింద అతికించి ఊరుకున్నా. తర్వాత ఇంకొకాయన ఒకే ఒక్క ముక్క అడిగారు, "రక్మ్ ఉందా లేదా చెక్ చేశారా?" చేస్తే ఫాల్స్, అంటే లేదు అని వచ్చింది.

విషయం ఏంటంటే పిల్లోకి సొంతంగా అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే వచ్చు. ఒత్తులు కలపాలంటే రక్మ్ అనే లైబ్రరీ కావాలి, అది లోపల హార్ఫ్‌బజ్, ఫ్రిబిడి అనే ఇంకో రెండు లైబ్రరీలని వాడుకుంటుంది. 8.2 వెర్షన్ నుంచి రక్మ్ పిల్లోతో పాటే వస్తోంది గానీ ఫ్రిబిడి మనమే పెట్టుకోవాలి, విండోస్‌లో దాని డీఎల్‌ఎల్ ఫైల్ ఉండదు. అది లేకపోతే పిల్లో కిక్కురుమనకుండా పాత పద్ధతిలోకి జారుకుంటుంది, అందుకే ఎర్రర్ లేదు. ఆ ఫైల్ తెచ్చి పెట్టా, ట్రూ అంది, కోడ్‌లో అక్షరం మార్చకుండానే క్ష కుదురుగా కూర్చుంది.

ఆయన జవాబుకి టిక్కు పెట్టి, ఏ ఫైల్ ఎక్కడ పెడితే పనిచేసిందో కింద వివరంగా రాశా, కన్నడం మలయాళం వాళ్ళకీ ఇదే తలనొప్పి కదా. సర్టిఫికెట్లు ప్రింటైపోయాయి, అక్క హ్యాపీ. ఈ సంగతి టెలిగ్రామ్ గ్రూప్‌లో కూడా పెట్టా. ఒకతను ప్రైవేట్‌గా మెసేజ్ చేశాడు, "అన్నా నాకూ సేమ్ ప్రాబ్లమ్, ఫుల్ కోడ్ పంపవా" అని. విండోసా లైనక్సా తమ్ముడూ, పిల్లో వెర్షన్ ఎంత, రక్మ్ చెక్ చేస్తే ఏమొచ్చింది అని అడిగా. చూశాడు, ఇంకా రిప్లై లేదు.