పైన్ అడవిలో కదిలిన తాడు

మార్చి మొదటివారంలో మా అమ్మాయి నన్ను ఫ్రాన్స్ దక్షిణాన, వాంటూ కొండ కింద ఉన్న బెద్వాన్ అనే ఊరికి తీసుకెళ్లింది. 1,900 మీటర్ల పైచిలుకు కొండ ఎక్కే ఓపిక నాకెక్కడిది! కింద పైన్ అడవిలో నడుద్దామన్నాను.

కొమ్మల చివర తెల్లటి ముద్దలు, జాతరలో పీచుమిఠాయి పుల్లకి చుట్టినట్టు. ఒక చిమ్మట పిల్లలు అల్లుకున్న పట్టుగూళ్లట. చలికాలమంతా పగలు అందులో ముడుచుకుని, రాత్రిళ్లు బయటికొచ్చి సూదుల్లాంటి ఆకులు తింటాయి. ఎండలు ముదరకముందే చెట్టు దిగి మట్టిలో దూరతాయి.

దారిలో తాడు పడి ఉందనుకున్నాను. తాడు కదిలింది! ఒకదాని తోకకి ఇంకోదాని తల ఆనించి గొంగళిపురుగులు వరస కట్టాయి. లెక్కపెడుతూ 63 దగ్గర తప్పాను. నల్లటి వీపు మీద నారింజ రంగు కుచ్చులు, పక్కల తెల్లటి నూగు. ఒక పైన్ కాయ అడ్డొస్తే ముందున్నది తల ఎత్తి అటూ ఇటూ ఊపింది. వెనక రైలంతా ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కటే కాయ ఎక్కి దిగాయి.

"అమ్మా, చెయ్యి పెట్టకు!" అని అరిచింది అమ్మాయి. వీటి నూగు గాల్లో ఎగిరినా దురదేనట. కుక్క వాసన చూస్తే నాలుక వాచి, ఒక్కోసారి కొంత కుళ్లి ఊడిపోతుందట. ఎదురొచ్చిన పెద్దావిడ తన కుక్కని చంకలో ఎందుకు పెట్టుకుందో అప్పుడర్థమైంది. మా పెరట్లో మునగచెట్టుకి పట్టిన గొంగళిపురుగుల్ని తాతయ్య కాగడాతో కాల్చేవాడు. ఇక్కడ కాండానికి పట్టీ చుట్టి, మట్టి నింపిన సంచీ తగిలించారు. దిగొచ్చేవి నేల అనుకుని అందులో దూరతాయి.

కారులో గంటలోపు దూరంలోనే, పురుగుల జీవితాన్ని గమనించి పుస్తకాలు రాసిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఫాబ్ర్ ఉన్న ఊరు సెరిన్యాన్. 1896 జనవరిలో ఆయన తోటలో ఇవి పెద్ద కుండీ అంచు ఎక్కి, ముందూ వెనకా లేక 7 రోజులు తిరిగాయి. ఆయన లెక్క 335 చుట్లు. తిరుమల క్యూలో ముందావిడ కొంగు చూసుకుంటూ నడిచినదాన్ని, నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి మెడ మీద దద్దుర్లు, దూలగొండి రాసినంత దురద. "ముట్టుకోలేదన్నావుగా?" అంది అమ్మాయి. నా హ్యాండ్‌బ్యాగ్ తెరిస్తే, ఇంట్లో షోకేసులో పెడదామని తెచ్చిన పైన్ కాయ. ఆ కాయే.

పట్టకారుతో తీసి కవర్లో వేసి, రెండు ముళ్లు వేసింది.