ఎమ్డెన్ గోడ నుంచి నందంబాక్కం దాకా

పినాకిని మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దింపింది. బాబాయి పెరంబూరు నుంచి ఎదురొచ్చాడు. "ముందు భోంచేద్దాం రా" అన్నాడు గానీ, హైకోర్టు గోడ చూశాకే అన్నాను.

తూర్పు ప్రహరీకి చిన్న పలక. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఈ ఊరి మీద గుండ్లు కురిపించిన గుర్తు. రేవు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబడ్డాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలారు. "రోజూ ఈ దారినే ఆఫీసుకెళ్లేవాణ్ణి, ఒక్కనాడూ చూళ్లేదురా" అన్నాడు బాబాయి.

నాకు ఆసక్తి నౌక మీద కాదు, యుద్ధానికి దేశాలు పెట్టుకున్న చట్టం మీద. 1907 నాటి హేగ్ ఒప్పందాల్లో తొమ్మిదోది అచ్చంగా నౌకల కాల్పుల గురించే. రక్షణ లేని రేవుల్ని కాల్చకూడదంటుంది మొదటి నిబంధన. శత్రువు నౌకాదళానికి పనికొచ్చే సరంజామాకి అది వర్తించదంటుంది రెండోది. చమురు ట్యాంకుల్ని అందులో ఇరికించడం ఎంతసేపు? పైగా మద్రాసుకి కోటా ఉంది, ఫిరంగులూ ఉన్నాయి. యుద్ధం ఎలా చెయ్యాలో చెప్పిన కాగితమది, చెయ్యొద్దని చెప్పింది కాదు.

యుద్ధమే వద్దన్న మాట 1928లో దేశాలు చేసుకున్న కెలాగ్-బ్రియాండ్ ఒప్పందంలో వచ్చింది. ఐక్యరాజ్యసమితి చార్టర్, అంటే దాని మూల ఒప్పందం, ఇంకాస్త ముందుకెళ్లి బలప్రయోగాన్నే కాదు, బెదిరింపునూ నిషేధించింది. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో మన దేశం తరఫున దానిమీద సంతకం పెట్టిన ఆర్కాట్ రామస్వామి మొదలియార్ పుట్టింది కర్నూల్లో. అప్పటికి మనకి స్వాతంత్ర్యమే రాలేదు, అదో తమాషా!

"ఇన్ని సంతకాలున్నా యుద్ధాలు ఆగలేదేం?" మెట్రోలో ఆలందూరు దాకా బాబాయిది ఇదే పట్టు. భద్రతామండలిలో ఐదు దేశాలకి వీటో ఉంది, దాడి చేసింది వాళ్లలో ఒకరైతే తీర్మానం అక్కడే ఆగిపోతుందని చెప్పాను. తృప్తిపడలేదు. నేనూ పడలేదు.

ఆలందూరు నుంచి ఆటోలో నందంబాక్కం యుద్ధ శ్మశానానికి వెళ్లాం. ఎనిమిది వందల పైచిలుకు రెండో ప్రపంచయుద్ధ సమాధులు, అధికారికీ సిపాయికీ ఒకే కొలత రాళ్లు. 1917లో పుట్టిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వీటిని చూసుకుంటుంది. ఖర్చు ఆరు దేశాలు పంచుకుంటాయి, మనమూ అందులో ఉన్నాం.

"ఐక్యరాజ్యసమితికీ ఇలాగే కడతారా?" అన్నాడు బాబాయి. చాలామంది బాకీలేననీ, రెండేళ్ల చందాకి సరిపడా బాకీపడితే సర్వప్రతినిధి సభలో ఓటు పోతుందని చార్టర్ 19వ అధికరణంలో ఉందనీ చెప్పాను.

"నయం. మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌లో ఆ రూలు కూడా లేదు."