బిల్లీ రైట్: మన డ్రిల్లు మాస్టారు మెచ్చే డిఫెండర్

మన బ్యాచ్‌లో ఫుట్‌బాల్ ఆడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గోల్ కొట్టినవాడికంటే, కాలు అడ్డం పెట్టి పడేయకుండా బంతి లాక్కొచ్చినవాణ్ణే డ్రిల్లు మాస్టారు ఎక్కువ మెచ్చుకునేవారు. నేనెప్పుడూ వెనకే ఆడేవాణ్ణి. ఉద్యోగం కోసం ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ వచ్చాక, మొలినూ స్టేడియం బయట బిల్లీ రైట్ విగ్రహం చూసి ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. మాస్టారికి చెప్పాల్సిన మనిషి అనిపించింది.

రైట్ 1924లో ఐరన్‌బ్రిడ్జ్‌లో పుట్టారు. కుర్రాడిగా వుల్వ్స్ (వుల్వర్‌హాంప్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు, మొలినూ వాళ్ల స్టేడియమే) గ్రౌండ్ స్టాఫ్‌లో చేరితే మేనేజర్ ఫ్రాంక్ బక్లీ మరీ పొట్టిగా ఉన్నావు, లాభం లేదని ఇంటికి పంపేయబోయి, చివరికి ఉంచుకున్నాడు. ఆ పొట్టివాడే వుల్వ్స్ కెప్టెన్‌గా 1949లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్పు, ఆ తర్వాత 1954, 58, 59లో లీగ్ గెలిపించారు. ఇంగ్లండ్‌కి 105 మ్యాచ్‌లు ఆడారు, అందులో 90 కెప్టెన్‌గానే. ప్రపంచంలో వంద అంతర్జాతీయ మ్యాచ్‌లు పూర్తిచేసిన మొదటి ఆటగాడు ఆయనే.

అయినా చాలామందికి ఆయన పేరు చెప్తే గుర్తొచ్చేది ఒక ఓటమి. 1953 నవంబర్‌లో వెంబ్లీలో హంగరీ 6-3తో ఇంగ్లండ్‌ని చిత్తు చేసింది. గోల్ దగ్గర హంగరీ కెప్టెన్ పుష్కాష్ కాళ్ల దగ్గర బంతి ఉంది, రైట్ నేలమీద జారుతూ వచ్చారు, పుష్కాష్ ఎడమకాలి అరికాలితో బంతిని వెనక్కి లాగేసరికి రైట్ ఖాళీ జాగాలోకి వెళ్లిపోయారు, మరుక్షణం గోల్. ఆ ఒక్క క్లిప్పు చూసి ఆయన్ని తూచేవాళ్లంటే నాకు నిజంగా కోపం. ఎందుకంటే ఏడాది తిరిగాక, 1954 డిసెంబర్‌లో, అదే పుష్కాష్ తన హంగరీ క్లబ్బు హాన్‌వెడ్ టీమ్‌తో మొలినూకి వచ్చాడు. ఫ్లడ్‌లైట్లు, బురద, హాఫ్‌టైమ్‌కి 2-0తో వెనకబడ్డ వుల్వ్స్. సెకండాఫ్‌లో 3-2తో గెలిచారు, కెప్టెన్ రైటే! ఇక్కడి పేపర్లు వుల్వ్స్‌ని ప్రపంచ ఛాంపియన్లు అనేసరికి, ఫ్రాన్స్ జర్నలిస్టులు అదేదో పోటీ పెట్టి తేల్చుకుందామన్నారు, అలా యూరప్ క్లబ్బుల మధ్య యూరోపియన్ కప్ మొదలైంది.

1959లో ఆట మానేశారు. తర్వాత ఆర్సెనల్ మేనేజర్‌గా నాలుగేళ్లు చేశారు కానీ అక్కడ కలిసిరాలేదు, ఆ తర్వాత టీవీ స్పోర్ట్స్‌లో పనిచేశారు. 1994లో పోయారు.

ఇంతకీ మాస్టారికి చెప్పాలనుకున్నది ఇది. వుల్వ్స్‌కి 541 మ్యాచ్‌లు, ఇంగ్లండ్‌కి 105, అన్నీ ఎదుటివాడి కాళ్లలోంచి బంతి లాక్కునే పనే, అయినా ఫౌల్ చేశావని హెచ్చరిస్తూ రిఫరీ ఒక్కసారి కూడా ఆయన పేరు బుక్‌లో రాసుకోలేదు.